ఊరు తిరుగుతూ పాత కెమెరా వెతికేవాళ్లకు: ఏది ఎక్కడ కొనాలి

పాత కెమెరా కొనాలనుకునేవాళ్లు ముందు అడిగేది "ఏ మోడల్ బాగుంటుంది?" అని. ఊరు చూడ్డానికి వెళ్లి, సందులన్నీ తిరుగుతూ మధ్యలో కెమెరా కోసం కూడా వెతికేవాళ్లకు ఆ ప్రశ్న తర్వాతది. నిలబడ్డ చోట, చేతిలో ఉన్న పది నిమిషాల్లో, ఆ కెమెరాను ఎంతవరకు పరీక్షించగలం అన్నది ముందు తేలాలి. రేపో ఎల్లుండో మీరు ఆ ఊరు వదిలి వెళ్లిపోతారు. తేడా వస్తే తిరిగొచ్చి అడిగే వీలుండదు.

అందుకే నేను కెమెరాలను బ్రాండును బట్టి కాకుండా, అవి దొరికే చోటును బట్టి పోలుస్తాను. దాదాపు ఏ నగరంలోనైనా పాత కెమెరాలు నాలుగు చోట్ల కనిపిస్తాయి. పాత సామాన్ల సంత, పాత కెమెరాలే అమ్మే దుకాణం, రిపేరు చేసే మెకానిక్ కొట్టు, ఆన్‌లైన్‌లో ప్రకటన పెట్టి ఏ మెట్రో స్టేషన్ దగ్గరో కలిసి చేతికిచ్చే సొంతదారు. సంతలో కొనదగ్గ కెమెరా వేరు, దుకాణంలో కొనదగ్గది వేరు. ఈ రెంటినీ కలిపేసినవాళ్లే ఎక్కువగా నష్టపోతారు.

సంతలో అయితే బ్యాటరీ అక్కర్లేనిదే

సంతలో ధర తక్కువ, హామీ సున్నా. ఇటు గోడగడియారం, అటు ఇస్త్రీపెట్టె, మధ్యలో కెమెరా. అమ్మేవాడికి దాని గురించి మీకన్నా తక్కువే తెలిసి ఉండొచ్చు. "పనిచేస్తుందా?" అని అడిగితే "బ్యాటరీ లేక చూడలేదు" అంటాడు. నిజంగానే చూసి ఉండకపోవచ్చు, చూసి పక్కన పెట్టేసి కూడా ఉండొచ్చు. మనకు తెలిసే దారి లేదు. కాబట్టి అక్కడ కొనాల్సింది బ్యాటరీ లేకపోయినా షట్టర్ (ఫిల్మ్ మీదికి వెలుతురును క్షణం పాటు వదిలే తెర) పడే పూర్తి మెకానికల్ కెమెరానే. పెంటాక్స్ కె1000, నికాన్ ఎఫ్ఎం2, ఒలింపస్ ఓఎం-1 ఈ కోవలోవి. వీటిలో బ్యాటరీ ఉన్నది వెలుతురు కొలిచే మీటరు కోసం మాత్రమే. మీటరు చచ్చిపోయినా ఫోన్‌లో లైట్ మీటర్ యాప్ పెట్టుకుని హాయిగా ఫొటోలు తీయొచ్చు.

పరీక్ష మన చేతుల్లోనే ఉంది. ముందు అడిగి వెనక తలుపు తెరవండి, లోపల ఎవరిదో ఫిల్మ్ ఉండిపోయిన కెమెరాలు తరచూ వస్తుంటాయి. లెన్స్ అపర్చర్ (వెలుతురు వచ్చే రంధ్రం) పూర్తిగా తెరిచి, కెమెరాను వెలుతురు వైపు పట్టుకుని, స్పీడు 1/1000 (సెకనులో వెయ్యో వంతు) దగ్గర పెట్టి, వెనక నుంచి చూస్తూ నొక్కండి. మెరుపులా ఒక నిండు దీర్ఘచతురస్రం కనిపించాలి. ఒక అంచు నల్లగా ఉండిపోతే షట్టర్ తెరల్లో ఒకటి ఈడుస్తోందని అర్థం. తర్వాత 1 సెకను దగ్గర నొక్కి చెవి దగ్గర పెట్టుకోండి. లోపలి పళ్లచక్రాలు ఒకే తీరుగా గిర్రుమని తిరిగి ఆగాలి. మధ్యలో నత్తితే నూనె గట్టిపడింది. ఏళ్ల తరబడి వాడని కెమెరాల్లో ముందు చెడేది ఈ నెమ్మది స్పీడులే. వీధిలో పగటిపూట తీసేవాళ్లకు వాటి అవసరం తక్కువ గనక, ఈ ఒక్క లోపం కోసం కెమెరాను వదిలేయను, ధర తగ్గించమంటాను.

అనుమానం తీరకపోతే ఫోన్‌లో స్లో మోషన్ వీడియో ఉంది కదా. సెకనుకు 240 ఫ్రేములతో తెరిచిన షట్టర్‌ను వీడియో తీసి, ఒక్కో ఫ్రేమూ జరుపుతూ చూడండి. 1/30 స్పీడు దగ్గర సుమారు 8 ఫ్రేముల్లో, 1/8 దగ్గర 30 ఫ్రేముల్లో వెలుతురు కనిపించాలి. ఒకటి రెండు అటూఇటూ అయినా పర్వాలేదు. 1/30 దగ్గర 15 ఫ్రేములొస్తే మాత్రం ఆ షట్టర్ చెప్పేదొకటి, చేసేదొకటి. 1/500, 1/1000 లాంటి వేగాలను ఈ పద్ధతిలో కొలవలేం.

సెల్ఫ్ టైమర్ మీటను మాత్రం ముట్టుకోకండి. పాత కెమెరాల్లో అది మధ్యలో ఇరుక్కుంటే షట్టర్ కూడా దాంతోపాటే ఆగిపోతుంది, అప్పుడు అమ్మేవాడితో మాటామాటా పెరుగుతుంది.

ఇప్పుడు ఈ మూడింటి మధ్య పోలిక. కె1000 ని 1976 నుంచి 1997 వరకు తయారుచేశారు. ఫొటోగ్రఫీ విద్యార్థుల కెమెరాగా పేరు పడింది, అందుకే మార్కెట్లో బోలెడున్నా ధర దిగదు. దానికి మీటరు ఆపే స్విచ్ లేదు, లెన్స్ మూత పెట్టకపోతే బ్యాటరీ అలా కరుగుతూనే ఉంటుంది. 1982లో వచ్చిన ఎఫ్ఎం2 లో స్పీడు 1/4000 దాకా ఉంది, మూడింట్లో గట్టిదీ అదే, ఖరీదైనదీ అదే. ఓఎం-1 చిన్నది, కన్ను పెట్టి చూసే వ్యూఫైండర్ విశాలం. రోజంతా మెడలో వేసుకుని తిరగడానికి నా ఓటు దానికే. దాంతో ఉన్న చిక్కల్లా ఇప్పుడు దొరకని 1.35 వోల్టుల మెర్క్యురీ బ్యాటరీ. దాని బదులు 1.5 వోల్టుల ఆల్కలైన్ సెల్ వేస్తే మీటరు తప్పు చెబుతుంది. వినికిడి యంత్రాలకు వాడే 675 రకం జింక్-ఎయిర్ సెల్లు 1.4 వోల్టుల దగ్గర నిలకడగా ఉంటాయి గనక వాటితో నడిపేవాళ్లున్నారు. స్టిక్కర్ పీకాక వాటి ఆయుష్షు తక్కువ, అదొక్కటి గుర్తుపెట్టుకోవాలి.

అసలు కిటుకు ఇంకోటుంది. పేరున్న మోడల్ పక్కనే, అదే లెన్స్ మౌంట్ (లెన్స్ తగిలించే అమరిక)తో, ఎవరూ పట్టించుకోని కెమెరా కూర్చుని ఉంటుంది. కె1000 కోసం చెయ్యి చాచేముందు పక్కన రికో కేఆర్-5 ఉందేమో చూడండి. అదీ మెకానికల్, అదీ పెంటాక్స్ కె మౌంటే, ధర మాత్రం పేరు లేనిదాని ధర. అలాగే ఎం42 అనే మరల మౌంట్ ఉన్న ప్రాక్టికా, చినాన్ బాడీలు. కొన్నిసార్లు అలాంటి అనామక బాడీకి తగిలించి ఉన్న లెన్స్ ఒక్కటే అడిగిన ధరకన్నా ఎక్కువ చేస్తుంది. నేను సంతలో బాడీ పేరుకన్నా ముందు లెన్స్ అంచు మీద రాసింది చదువుతాను.

లెన్స్ చూసేటప్పుడు ఫోన్ టార్చిని వెనక నుంచి కొట్టి ముందు నుంచి చూడాలి. దుమ్ము కణాలు కనిపిస్తాయి, వాటికి బెదరక్కర్లేదు. సాలెగూడు దారాల్లా అల్లుకుని ఉంటే అది బూజు. కొద్దిగా ఉంటే ఫొటోలో తెలియదు గానీ, అది గాజు మీద పూతను తినేస్తుంది, పైగా తేమ ఉన్న చోట పెరుగుతుంది. సంతలో బూజు పట్టిన లెన్స్ ఉచితంగా ఇచ్చినా మిగతావాటితో కలిపి సంచిలో పెట్టొద్దు. అపర్చర్ రేకుల మీద నూనె మెరుపుంటే అవి నెమ్మదిగా మూసుకుంటాయి, అద్దం సాయంతో లెన్స్‌లోంచే చూసే ఎస్ఎల్ఆర్ కెమెరాకు అది పెద్ద లోపమే. ఇక పెంటాక్స్ వారి పాత టకుమార్ 50 మి.మీ. ఎఫ్/1.4 లాంటి లెన్సులు టీ రంగులో కనిపిస్తే భయపడకండి. ఆ గాజులో థోరియం ఉండటం వల్ల అలా పచ్చబడుతుంది. కొన్నాళ్లు అతినీలలోహిత కాంతి తగిలేలా ఉంచితే ఆ రంగు చాలావరకు పోతుంది.

వెనక తలుపు గాడిలో నల్లటి జిగురు వేలికి అంటుకుంటుందా? అది వెలుతురు చొరబడకుండా పెట్టిన స్పాంజి, కరిగిపోయింది. 1970లు, 80ల నాటి జపాన్ కెమెరాల్లో ఇది మామూలే. మార్చడం తేలిక, ఖర్చు తక్కువ. అమ్మేవాడికి వేలు చూపించి బేరం మొదలెట్టడానికి ఇంతకన్నా మంచి సాకు లేదు.

సంతలోనే దొరికే మరో రకం ఒలింపస్ ట్రిప్ 35. 1967 నుంచి 1984 వరకు చేసిన ఈ చిన్న కెమెరాకు బ్యాటరీయే లేదు. లెన్స్ చుట్టూ ఉన్న సెలీనియం పలకే వెలుతురు నుంచి కరెంటు పుట్టించి మీటరును నడుపుతుంది. పరీక్ష కూడా అంతే సులువు. 'ఎ' గుర్తు మీద పెట్టి, ఆ పలకను అరచేత్తో మూసి నొక్కితే వ్యూఫైండర్‌లో ఎర్రజెండా లేచి షట్టర్ పడకూడదు. ఎండ వైపు తిప్పితే పడాలి. ఎండలోనూ జెండా లేస్తే సెలీనియం చచ్చింది, వదిలేయండి. ఫోకస్ దూరాన్ని అంచనాగా పెట్టుకోవడానికి అభ్యంతరం లేనివాళ్లకు ఊరు తిరగడానికి ఇంత తేలికైన ఫిల్మ్ కెమెరా మరొకటి చూపించలేను.

సోవియట్ నాటి ఫెడ్, జోర్కీ కెమెరాలు కూడా సంతల్లోనే ఎక్కువ. చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి, కానీ తెలియకుండా ముట్టుకోకూడదు. షట్టర్ బిగించకముందే స్పీడు చక్రం తిప్పితే వీటిలో లోపలి యంత్రం దెబ్బతినే మోడళ్లున్నాయి. మీకన్నా ముందు ఎందరు తిప్పారో ఎవరు చెబుతారు? మొదటి కెమెరాగా వద్దు.

దుకాణంలో కొనాల్సినవి

కెనాన్ ఏఈ-1 ని చాలామంది కె1000 కి పోటీగా చూస్తారు. రెండూ 1976లోవే. వాడకంలో ఏఈ-1 సుఖం. స్పీడు మీరు పెడితే అపర్చర్ అదే చూసుకుంటుంది. కానీ దాని షట్టర్ ఎలక్ట్రానిక్, 6 వోల్టుల బ్యాటరీ లేకపోతే చిటుక్కుమనదు. లోపలి సర్క్యూట్ పోతే విడిభాగం కోసం మరో చచ్చిన ఏఈ-1 వెతుక్కోవాల్సిందే. నొక్కినప్పుడు దగ్గినట్టు కీచుమని చప్పుడొస్తే భయం లేదు, అది అద్దం దగ్గరి చక్రంలో నూనె ఎండిపోవడం, తెలిసిన మెకానిక్ సరిచేస్తాడు. 1981 నాటి మినోల్టా ఎక్స్-700 దీ ఇదే దారి. కెపాసిటర్లు పోయి ఉన్నట్టుండి ఆగిపోవడం దానికి పేరుపడ్డ జబ్బు. ఈ రెంటినీ హామీ ఇచ్చే దుకాణంలోనే తీసుకుంటాను. సంతకన్నా ధర ఎక్కువే, ఆ ఎక్కువ మొత్తం హామీకి కట్టే రుసుం అనుకుంటే బాధ ఉండదు.

ఇక జేబులో పట్టే ఫిల్మ్ కాంపాక్టులు. ఇక్కడే నా మాట గట్టిగా చెబుతాను. 1997 నాటి ఒలింపస్ మ్యూ-2, 1990 నాటి కాంటాక్స్ టీ2 లాంటివాటి ధరలు ఫ్యాషన్‌తో ఆకాశానికెక్కాయి. రెండూ మంచి లెన్సులున్నవే, కాదనను. అయితే వాటిలో అన్నీ మోటార్లు, సన్నటి రిబ్బన్ తీగలు, సర్క్యూట్లు. పోతే పోయినట్టే. కాంటాక్స్ కెమెరాలు చేసిన క్యోసెరా ఆ వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు 2005లోనే ప్రకటించింది. అంత డబ్బుకు ఎఫ్ఎం2, దానికో మంచి లెన్స్, సంచి నిండా ఫిల్మ్ రీళ్లు వస్తాయి. సంతలో హామీ లేకుండా కాంపాక్ట్ కొనడమంటే బర్రె నీళ్లలో ఉండగా బేరమాడటమే. జేబు కెమెరాయే కావాలంటే పేరున్నవాటిని వదిలి, సాదాసీదా 35 మి.మీ. ఆటోఫోకస్ కాంపాక్ట్ ఒకటి దుకాణంలో బ్యాటరీ వేయించి, ఫ్లాష్ వెలిగి, లెన్స్ లోపలికి బయటికి వచ్చేదాకా చూసి తీసుకోండి. పోయినా గుండె పగలని ధరలో ఉండాలి, అదొక్కటే కొలమానం.

దుకాణాల్లో ఓ మూల "జంక్" అని రాసిన బుట్ట ఉంటుంది. చూడ్డానికి భలే కాలక్షేపం. రిపేరు మీద ఆసక్తి ఉన్నవాళ్లకు, ఫిల్టర్లు, మూతలు, బెల్టులు కావాల్సినవాళ్లకు అది గని. మిగతావాళ్లు చేతులు కట్టుకుని చూడటం మేలు.

డిజిటల్ అయితే సొంతదారు దగ్గర

డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండే డిజిటల్ కెమెరా)లో, మిర్రర్‌లెస్ (అద్దం లేనిది)లో అడగాల్సిన ప్రశ్నలు వేరు. ఎంత వాడారు, ఎలా వాడారు, ఎక్కడ దాచారు? ఇవి చెప్పగలిగేది సొంతదారే. పెట్టె, ఛార్జర్, బిల్లు చూపించగలవాడు కెమెరాను కూడా బాగానే చూసుకుని ఉంటాడు. దొంగసొత్తు కాదనడానికి కూడా అవి ఆధారం, పెట్టె మీది సీరియల్ నంబరును బాడీ కిందిదాంతో సరిపోల్చడం మర్చిపోవద్దు.

షట్టర్ కౌంట్ (షట్టర్ ఇప్పటిదాకా ఎన్నిసార్లు పడిందన్న లెక్క) గురించి జనం కాస్త అతిగా కంగారుపడతారు. నికాన్ డీ700 షట్టర్‌ను కంపెనీ 1,50,000 సార్లకు పరీక్షించింది, అంతకు మించి నడుస్తున్నవీ ఉన్నాయి. నికాన్ కెమెరాల్లో అప్పుడే తీసిన ఫొటో ఫైలు లోపలే ఆ లెక్క రాసి ఉంటుంది, ఎక్సిఫ్ (ఫొటో ఫైలులో దాగి ఉండే వివరాలు) చూపించే యాప్‌తో చదవొచ్చు. కెనాన్ చాలా మోడళ్లలో ఆ వివరం ఫొటోలో పెట్టదు. లెక్క దొరక్కపోతే చేతిపట్టు రబ్బరు, బటన్ల మీది అక్షరాలు, ఫ్లాష్ తగిలించే చోట అరుగుదల చూస్తే చాలు, కెమెరా ఎంత కష్టపడిందో తెలిసిపోతుంది.

అంతకన్నా ముఖ్యమైనవి రెండు పరీక్షలు. అపర్చర్ ఎఫ్/16 దగ్గర (అంటే రంధ్రం బాగా చిన్నగా) పెట్టి ఆకాశాన్ని ఫొటో తీసి పెద్దది చేసి చూడండి. మసక చుక్కలు సెన్సర్ (వెలుతురును ఫొటోగా మార్చే చిప్) మీది దుమ్ము, తుడిస్తే పోతుంది. గీతలుంటే పోదు. తర్వాత లెన్స్ మూత పెట్టి కొన్ని సెకన్ల ఎక్స్‌పోజర్ ఇవ్వండి. రంగురంగుల చుక్కలు అక్కడక్కడ ఉంటే ఫర్వాలేదు, నక్షత్రమండలంలా ఉంటే వద్దు. కెమెరా వేసిన ప్రతిసారీ తేదీ అడుగుతోందా? లోపలి చిన్న బ్యాటరీ పోయింది. వాడకానికి అడ్డుకాదు, చిరాకు మాత్రం ఖాయం.

ఈ మధ్య 2000ల నాటి చిన్న డిజిటల్ కెమెరాల మీద మోజు పెరిగింది. వాటిలోని సీసీడీ రకం సెన్సర్ ఇచ్చే రంగులు నచ్చి కొంటున్నారు. తప్పులేదు, కానీ కార్డు సంగతి చూసుకోవాలి. 2 జీబీకి మించి పట్టే ఎస్‌డీహెచ్‌సీ కార్డులు వచ్చింది 2006లో. అంతకు ముందు కెమెరాలకు 2 జీబీ దాటిన కార్డు పెడితే చదవవు. 2002లో ఒలింపస్, ఫుజీఫిల్మ్ తెచ్చిన ఎక్స్‌డీ కార్డు అయితే ఇప్పుడు తయారీలోనే లేదు, కెమెరాతోపాటు కార్డు ఇవ్వకపోతే ఆ బేరం అక్కడే ఆపేయండి. ఆ కాలపు కొన్ని సెన్సర్లకు పుట్టుకతోనే లోపముంది. 2005లో చాలా కంపెనీలు ఒప్పుకుని ఉచితంగా మార్చిచ్చాయి కూడా. తెర మీద ఊదారంగు చారలో, పూర్తి చీకటో కనిపిస్తే అదే.

మిర్రర్‌లెస్‌లో 2013 నాటి మొదటి సోనీ ఏ7 ధర ఇప్పుడు బాగా దిగింది. ఫోకస్ నెమ్మది, బ్యాటరీ త్వరగా దిగిపోతుంది. కానీ అడాప్టర్ పెడితే సంతలో దొరికిన దాదాపు ఏ పాత లెన్సైనా దానికి తగులుతుంది. పాత లెన్సుల పిచ్చి ఉండి, ఫిల్మ్ ఖర్చు భరించలేనివాళ్లకు ఇంతకన్నా మంచి దారి నాకు తోచదు. చూడముచ్చటైన ఫుజీఫిల్మ్ మొదటి ఎక్స్100 వైపు మనసు లాగితే మాత్రం, ఎండలో ఎఫ్/8, ఎఫ్/11 దగ్గర నాలుగైదు ఫొటోలు తీసి చూడండి. అపర్చర్ రేకులు అతుక్కుపోయే జబ్బు దానికుంది. ఫొటోలు వెలిసిపోయినట్టు తెల్లగా వస్తే అదే గుర్తు. డీఎస్ఎల్ఆర్‌లలో నికాన్ డీ40 లాంటి చిన్న బాడీలకు లోపల ఫోకస్ మోటారు లేదు, కెమెరాలోని మోటారుతో నడిచే పాత ఏఎఫ్ (ఆటోఫోకస్) లెన్సులను వాటి మీద చేత్తో తిప్పుకుని ఫోకస్ చేసుకోవాల్సిందే. చవగ్గా లెన్సులు కొనే ఆలోచన ఉంటే ఈ సంగతి ముందే చూసుకోండి.

మెకానిక్ కొట్టు

నాలుగు చోట్లలో జనం తక్కువ వెళ్లేదీ, నాకు ఎక్కువ ఇష్టమైనదీ ఇదే. రిపేరుకిచ్చి తీసుకెళ్లనివి, విప్పి శుభ్రం చేసి అమ్మకానికి పెట్టినవి అక్కడ కొన్ని ఉంటాయి. ఎంచుకోవడానికి ఎక్కువ ఉండవు. కానీ ఏది మార్చాడో, ఏది మార్చలేదో మెకానిక్ చెప్పగలడు. సంతలో కొన్నదాన్ని అదే రోజు అక్కడికి తీసుకెళ్లి చూపించుకోవడమూ ఒక పద్ధతి. అలా చేసే ఉద్దేశం ఉంటే సంత ధరకు రిపేరు ఖర్చు కలిపి, దుకాణం ధరతో పోల్చుకోండి. తేడా కొంచెమే అయితే దుకాణమే నయం.

బయల్దేరేముందు

సంచిలో నాలుగు ఎల్ఆర్44 సెల్లు, ఒక సీఆర్123ఏ, రెండు పెన్సిల్ సెల్లు, 2 జీబీ ఎస్‌డీ కార్డు ఒకటి, తుడవడానికి మెత్తటి గుడ్డ. ఇవి ఉంటే "బ్యాటరీ లేక చూడలేదు" అన్న మాటకు జవాబు మీ దగ్గరే ఉంటుంది. బ్యాటరీ గది మూత తీసినప్పుడు పచ్చగానో తెల్లగానో పొడి పేరుకుని ఉంటే సెల్ వేయకముందే ఆలోచించండి. పైపైన ఉంటే వెనిగర్‌తో పోతుంది, తీగల్లోకి పాకి ఉంటే పోదు.

ఊళ్లో మొదటి రోజు దుకాణాలు చూడండి, కొనకండి. ధరలు తెలుస్తాయి. సంతకు ఆ తర్వాత వెళ్తే ఎంతకు బేరమాడాలో నోటికి వస్తుంది. సంతకు పొద్దున్నే వెళ్తే మంచివి దొరుకుతాయి, సర్దుకునే వేళకు వెళ్తే ధర దిగుతుంది. రెండూ ఒకేసారి కుదరవు. నేనైతే పొద్దున్నే వెళ్తాను.

ఫిల్మ్ కెమెరా కొంటే ఆ సాయంత్రమే ఫొటోలు తీసి ఒక రీలు మొత్తం పూర్తి చేసేయండి. వేర్వేరు స్పీడుల్లో, దగ్గరివి, దూరానివి, ఒకటి రెండు ఎండకు ఎదురుగా. ఆ ఊళ్లోనే డెవలప్ చేయించండి. ఫ్రేముల మీద ఒకే చోట ఎర్రటి మరక వస్తుంటే వెలుతురు చొరబడుతోంది. ఫ్రేములు ఒకదాని మీదొకటి ఎక్కితే ఫిల్మ్ లాగే చక్రం అరిగింది. దుకాణం హామీ ఇంకా నడుస్తుండగానే ఇవి బయటపడాలి. డెవలప్ చేయని రీళ్లు మిగిలితే విమానాశ్రయంలో సంచిలోంచి విడిగా తీసి, చేత్తో తనిఖీ చేయమని అడగండి. కొత్త సీటీ స్కానర్లు ఏ ఐఎస్ఓ (వెలుతురుకు స్పందించే తీరు చెప్పే అంకె) ఉన్న ఫిల్మ్‌నైనా పాడుచేయగలవు. లగేజీలో వేసి పంపే పెట్టెలో మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ ఫిల్మ్ పెట్టకండి.